సంచార ఆధారం నంబరు రెండు

నా బరువు మోసే శక్తి ఎనభై కిలోలు. ఇది నేను చెప్పుకునే గొప్ప కాదు. మా కొబ్బరితోట రెసిడెన్సీ యజమానుల సంక్షేమ సంఘం ఇద్దరు సాక్షుల ఎదుట నన్ను పరీక్షించి, ముద్ర వేసి ఇచ్చిన మాట. అవసరాన్ని బట్టి నా ఎత్తు తగ్గించవచ్చు, పెంచవచ్చు. పని లేనప్పుడు మడిచి గోడవారగా పెట్టవచ్చు. నా ఎడమ భుజానికి అంటించిన స్టిక్కరు స్నానంలో ఊడిపోతే కొత్తది ఇస్తారు, కాకపోతే పాతది అప్పగించాలి.

ఉద్యోగంలో ఉన్నప్పుడు నేను డ్రాయింగు మాస్టార్ని. ముప్ఫై మూడేళ్ళు బ్లాకుబోర్డు మీద కూజా, అరటిపండూ గీసిన నేను, చెక్క మోసే స్టాండుగా ఎలా మారానో చెప్పాలంటే మా అధ్యక్షులు గోపాలకృష్ణంరాజుగారు పుణె వెళ్ళి రావడం దగ్గర మొదలుపెట్టాలి.

రాజుగారు రోడ్లు భవనాల శాఖలో పెద్ద ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. పుణెలో అల్లుడి ఎదురింటాయన బాల్కనీలో తన కుర్చీ తానే చేసుకోవడం ఆయన కళ్ళారా చూశారు. రైలు కాకినాడ చేరేసరికి ఆ కుర్చీ జాతి పునర్నిర్మాణమంత అయింది. అత్యవసరంగా సర్వసభ్య సమావేశం పెట్టి, తన కుర్చీ తాను చేసుకోలేని జాతికి కూర్చునే హక్కు లేదన్నారు. మేమందరం కూర్చునే విన్నాం. ఈ ఏడాదిని స్వహస్త సంవత్సరంగా ప్రకటించారు. ఇకమీదట ఏ చెక్కపనైనా నివాసి తన చేతులతోనే, అదీ సెల్లార్లో జనరేటరు తీసేసిన గదిలోనే చెయ్యాలి. బయటి వడ్రంగులకు ప్రవేశం లేదు. బయట చేయించిన చెక్క సామాను గేటు దాటి రాకూడదు. ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తమన్నారు. ఎత్తినవాళ్ళలో నేను మూడోవాణ్ణి. పక్కాయన చెయ్యి లేస్తే మన చెయ్యి దానంతటదే లేస్తుంది, సంఘాల్లో అదో వ్యాయామం.

ప్రారంభోత్సవంలో రిబ్బను కత్తెరతో కాక రంపంతో కొయ్యాలని కార్యదర్శి కామేశ్వరరావుగారు సూచించారు. ఈయన ఆడిట్ ఆఫీసులో పనిచేసిన మనిషి, ప్రతిదానికీ సందర్భశుద్ధి ఉండాలంటారు. శాటిన్ రిబ్బను రంపానికి తెగదు. ఆరు నిమిషాలు కోసి, చెమట తుడుచుకుని, రాజుగారు దాని కిందనుంచి వంగి లోపలికి వెళ్ళారు. అందరం చప్పట్లు కొట్టాం.

ఆ వారంలోనే మా ఆవిడ సుభాషిణి మెట్ల మీద జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ బాగానే జరిగింది. మూడు వారాలు సామర్లకోటలో చెల్లెలి ఇంట్లో ఉండి, ఇరవయ్యో తారీకున వస్తానంది. మా ఇంటి బాత్రూము హాలుకన్నా ఎనిమిది అంగుళాలు ఎత్తు. బిల్డరు కింద వెయ్యాల్సిన పైపులు పైన వేశాడు. ఆ ఎత్తు ఒక్కసారిగా ఎక్కకూడదని, గుమ్మం వెడల్పునా నాలుగంగుళాల చెక్కమెట్టు కదలకుండా బిగించి, పక్కన పట్టుకోవడానికి కర్ర పెట్టాలని డాక్టరు చెప్పాడు. ప్లాస్టిక్ పీటలు జారతాయి, వద్దన్నాడు.

సుభాషిణి సబ్ పోస్ట్‌మాస్టరుగా రిటైరైంది. ఎవరినీ ఏదీ అడగదు. ఆస్పత్రి మంచం మీద నాతో ఒకే మాట అంది. "ఇక్కడ నర్సులు నన్ను బాత్రూముకి తీసుకెళ్ళారు, తప్పదు కాబట్టి ఊరుకున్నానండీ. ఇంటికొచ్చాక మాత్రం నేనొక్కదాన్నే వెళ్ళాలి, తలుపేసుకోవాలి. మరింకేం వద్దు నాకు."

దానికేం భాగ్యం అన్నాను. గుమ్మం కొలత తీసుకున్నాను, మెట్టు బొమ్మ మూడు వైపుల నుంచీ గీశాను. మేడ మీద పాత టేకు పలకలు రెండున్నాయి, రంపముంది, చిత్రిక ఉంది. లేనిదల్లా నడుము. నేల మీద కూర్చుని పనిచేస్తే మళ్ళీ లేవడానికి ఇద్దరు మనుషులు కావాలి. పలకని నిలబడి కోసుకోవాలంటే దాన్ని రెండు పక్కలా మోసే స్టాండ్లు కావాలి. బజార్లో మడత స్టాండ్లు దొరుకుతాయి, రెండు నేనే తెచ్చుకుంటానని కార్యదర్శిగారితో అన్నాను. చెప్పకుండా తెచ్చుకుని ఉంటే ఈ కథ ఉండేది కాదు.

ఉమ్మడి గదిలో సొంత స్టాండు పెడితే రేపు ఆ స్థలం మీద మీకు హక్కు ఏర్పడుతుంది కదా అన్నారు కామేశ్వరరావుగారు. పైగా ఆ గదిలో పొద్దున్న యోగా, పదకొండింటికి భజన, సాయంత్రం ట్యూషను ఉంటాయి. ఏదీ స్థిరంగా ఉండకూడదు. కాబట్టి సంఘమే ఎంపిక చెయ్యాలి. "సదరు సంచార ఆధారముల ఎంపిక నిమిత్తం ఒక ఉపసంఘమును ఏర్పాటు చేయుట సముచితముగా ఉండును," అన్నారు. స్టాండుని ఆయన సంచార ఆధారం అనడం అప్పుడే మొదలుపెట్టారు. ఉపసంఘంలో రాజుగారు, ఆయన, వినియోగదారుల ప్రతినిధిగా నేను, ఏ కమిటీలోనైనా ఉండే మస్తాన్‌వలీగారు. మస్తాన్‌వలీగారు రైల్వేలో గార్డుగా చేసిన నెమ్మదస్తుడు, మాటకన్నా జెండా ఎక్కువ వాడినవాడు.

మొదటి సమావేశం సంచారం అంటే ఏమిటో తేల్చడానికే సరిపోయింది. కరెంటు పోయినా అయిదో అంతస్తు దాకా చేరగలిగేదే సంచార ఆధారమని తీర్మానించారు. షాపువాడు నమూనాగా పంపిన ఇనప స్టాండుని మస్తాన్‌వలీగారు రెండో అంతస్తు దాకా మోసి అక్కడే కూర్చుండిపోయారు. ఇనుము పోయింది. మర్నాడు తేలికపాటి ప్లాస్టిక్ స్టాండు వచ్చింది. రాజుగారు దాని ముందు పెద్ద ఫ్యాను పెట్టించారు. అది జానెడు జరిగింది. ఆధారం సంచరించాలే గాని, తనంతట తాను సంచరించకూడదన్నారు. ప్లాస్టిక్ కూడా పోయింది.

తరవాత ఎత్తు. ఏ ఎత్తు స్టాండు కొంటే ఎవరికి అన్యాయం జరుగుతుందోనని అరవై ఫ్లాట్లలోనూ మనుషుల ఎత్తులు కొలిపించారు. సగటు వచ్చింది. ఆ సగటు ఎత్తున్న మనిషి మా అపార్ట్‌మెంటులో ఒక్కడూ లేడు. అయినా అది ప్రజాస్వామికమైన ఎత్తు కాబట్టి దాన్నే ఆమోదించారు. ఎత్తు మార్చుకునే స్టాండు ఉంటుందని నేను మనవి చేశాను. దాని మర బిగించిందెవరో రాసిపెట్టకపోతే రేపు పలక పడితే బాధ్యులెవరని కార్యదర్శిగారు అడిగారు. మడిచేదైతే వేలు నలిగితే ఎవరిదన్నారు. నేను జవాబు చెప్పబోయేసరికి యోగావాళ్ళు చాపలు పట్టుకుని వచ్చారు.

సామర్లకోట నుంచి రోజూ ఫోను. మెట్టు అయిందా అని సుభాషిణి అడగదు, వాన పడుతోందా అని అడుగుతుంది. పడుతోంది అంటాను. ఊఁ అని పెట్టేస్తుంది. ఆ ఊఁ నాకు తెలుసు, ముప్ఫయ్యేళ్ళుగా వింటున్నాను.

పన్నెండో తారీకున ఓర్చుకోలేక బ్రహ్మాజీ దగ్గరికి వెళ్ళాను. మా గేటుకి ఎదురుగా, ఫ్లెక్సీ నీడలో పనిచేసుకునే వడ్రంగి. మా అరవై ఫ్లాట్ల తలుపులూ బిగించింది అతనే, ఇప్పుడు ఆ తలుపుల దగ్గరికి అతనికి దారి లేదు. నేల మీద గొంతుక్కూర్చుని, పలకని కుడికాలి వేళ్ళతో అదిమిపట్టి ఉలి కొడుతున్నాడు. పలక ఇసుమంత కదల్లేదు. నా బొమ్మ చూసి, పూటలో అయిపోద్దన్నాడు.

"స్టాండ్ల కోసం ఇన్నాళ్ళా అండీ," అన్నాడు జాలిగా. "మా తాతా ఇలాగే, మా నాన్నా ఇలాగేనండి. మాకు ఈ కాలే స్టాండు. ఎక్కడికెళ్తే అక్కడికొచ్చేత్తది, పనయ్యాక దాని చోటు అది కాళీ చేసేత్తది. ఆయ్."

చేసి గేటు దాకా తెచ్చిస్తానన్నాడు. గేటులో వాచ్‌మన్ అప్పన్న చెక్క సామాను లోపలికి రానివ్వడు. ఆ నియమానికి చెయ్యెత్తింది నేనేనని చెప్పడానికి నోరు రాలేదు. ఆలోచిస్తానని చెప్పి వచ్చేశాను.

పద్నాలుగో తారీకు సమావేశంలో పని పూర్తయ్యాక స్టాండు ఎక్కడుండాలన్న చర్చ వచ్చింది. ఉమ్మడి స్థలంలో వదిలేసిన వస్తువుని ఒక రోజులో తొలగించాలని ఇంకో నియమం ఉంది. స్టాండుని వదిలేస్తే వస్తువు, తీసుకెళ్తే ఆక్రమణ. చివరికి కార్యదర్శిగారు పద్నాలుగో నిబంధన రాయించారు. "పని పూర్తయిన పిమ్మట ఆధారము తనంతట తాను స్థలమును ఖాళీ చేయవలెను."

అప్పుడు నేను నోరు జారాను. ఒళ్ళు మండిపోయి, అలాంటి స్టాండు లోకంలో ఒక్కటే ఉందండీ, వడ్రంగి బ్రహ్మాజీ కుడికాలు అన్నాను. దాని గుణాలన్నీ వెటకారంగా వర్ణించాను. వెటకారం ఆఫీసరుగా పనిచేసినవాళ్ళకి సమాచారంలా వినిపిస్తుందన్న సంగతి మర్చిపోయాను. రాజుగారు కళ్ళజోడు తీశారు. చాలాసేపు నన్ను కిందనుంచి పైదాకా చూశారు.

"మాస్టారూ, ఇదే కదండీ మనం వెతుకుతున్నది," అన్నారు. "మనిషి. అయిదో అంతస్తు తనే ఎక్కుతాడు. ఫ్యానుకి జరగడు. ఎత్తు తనే సర్దుకుంటాడు. వేలు నలిగితే తనదే. పనవగానే ఇంటికి పోతాడు. స్వహస్త సంవత్సరంలో ఇనుము మీద ఆధారపడటమేమిటి, సిగ్గుచేటు."

పద్నాలుగు నిబంధనలూ చదువుతూ టిక్కులు పెట్టారు. ఒక్కటీ తప్పలేదు. ఎంపికకి వేరే ప్రకటన ఇచ్చే వ్యవధి లేనందున ఉపసంఘంలోంచే తీసుకోవాలన్నారు. అధ్యక్షుడూ కార్యదర్శీ ఎంపిక చేసేవారు కాబట్టి అనర్హులు. మిగిలింది ఇద్దరం. మర్నాడు మా చేతుల మీద పలక పెట్టి, దాని మీద బియ్యం బస్తాలు పేర్చారు. నలభై ఏళ్ళు బ్రేక్‌వ్యానులో నిలబడ్డ మస్తాన్‌వలీగారు చలించలేదు. ఆయన ఒకటో నంబరు. నాకు ఎనభై కిలోల దగ్గర మోకాలు వణికింది. రెండో నంబరు ఇచ్చారు.

స్టిక్కరు అంటిస్తుండగా ఒక సందేహం అడిగాను. పలక నేనే పట్టుకుంటే నా పలక కోసేదెవరు అని.

"అది ఈ ఉపసంఘం పరిధిలోకి రాదు," అన్నారు కామేశ్వరరావుగారు.

ఆధారమైనవాడు వినియోగదారుడు కాలేడు గనక నా ప్రతినిధి పదవి కూడా రద్దయిందన్నారు. మర్నాటి నుంచి రోజూ రెండు గంటలు నేనూ మస్తాన్‌వలీగారూ ఎదురెదురుగా నిలబడి, కార్యదర్శిగారి చెప్పుల బీరువా కోసం పలక పట్టుకున్నాం. ఆయన రంపం ఒక గీత మీద మొదలై ఇంకో గీత మీద తేలేది. ఆధారం కొంచెం వంకరగా ఉందని ఆయన రిజిస్టర్లో రాసేవారు. నా మెట్టు కోసం ఒక గంట కావాలని దరఖాస్తు పెట్టాను. ఆధారం తనను తాను కేటాయించుకోవడానికి నమూనా పత్రం లేదని తిరిగొచ్చింది.

ఇరవయ్యో తారీకున సుభాషిణి వచ్చింది. వాకరు పట్టుకుని బాత్రూము గుమ్మం దాకా నడిచి, ఎనిమిది అంగుళాలూ చూసింది. నా భుజం మీది స్టిక్కరు చూసింది.

నా ఒక్కడి వల్ల కాలేదు. మస్తాన్‌వలీగారిని పిలిచాను. ఆ పెద్దమనిషి ఒక చంక కింద చెయ్యి పెట్టి, మొహం గోడకేసి తిప్పుకుని, రోజుకి నాలుగు సార్లు ఆవిణ్ణి గుమ్మం ఎక్కించాడు, దించాడు. తలుపు దగ్గరగా వేసి మేమిద్దరం బయట నిలబడేవాళ్ళం, దించాలి కదా. రెండో రోజుకి నాలుగు సార్లు మూడయ్యాయి. మూడో రోజు రెండయ్యాయి. సుభాషిణి నీళ్ళు తాగడం మానేస్తోందని అప్పుడు తెలిసింది. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గు ఎనభై కిలోలకన్నా ఎక్కువే ఉంటుంది, పరీక్షించలేదు.

నాలుగో రోజు నోటీసు వచ్చింది. సంఘానికి చెందిన ఒకటి, రెండు నంబర్ల సంచార ఆధారములను మూడు వందల నాలుగో ఫ్లాటులో అనుమతి లేకుండా స్వంత అవసరములకు వినియోగించుచున్నట్లు తెలియవచ్చినది, మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను. దానికి పద్నాలుగు నిబంధనలూ జతపరిచారు.

సుభాషిణి కళ్ళజోడు పెట్టుకుని కాగితం రెండు సార్లు చదివింది. ఆపరేషన్ తరవాత ఆవిడ మొహంలో వెలుగు చూడటం అదే మొదలు. జరిగిందంతా చెప్పమంది. చెప్పాను, చెయ్యెత్తిన సంగతి కూడా.

"మీరు కాలు గీయగలరా," అంది.

కూజా గీసినవాడికి కాలు ఎంత. ఎదురు ఫ్లెక్సీ నీడలోకి వెళ్ళి, బ్రహ్మాజీ కుడికాలిని కాగితం మీద నిజం కొలతలకి గీసుకొచ్చాను. సుభాషిణి ఆ బొమ్మ జతచేసి దరఖాస్తు రాసింది. మూడవ సంచార ఆధారము నమోదు గురించి. పేరు బ్రహ్మాజీ, కుడికాలు. బరువు మోయు శక్తి, ఎత్తు, మడుపు, స్వయముగా ఖాళీ చేయు గుణము, అన్ని గడులూ నింపింది. వృత్తి రాయడానికి ఆ పత్రంలో గడి లేదు. స్టాండుకి వృత్తి ఎందుకుంటుంది.

జతపరచిన కాగితాలు సక్రమంగా ఉంటే కామేశ్వరరావుగారు ఏదైనా ముద్ర వేస్తారు. ఉద్యమం విస్తరిస్తోందని రాజుగారు సంతోషించారట. సాయంత్రానికి స్టిక్కరు వచ్చింది.

మర్నాడు పొద్దున్న బ్రహ్మాజీ కుడికాలి మడమ మీద స్టిక్కరుతో, భుజాన సంచితో గేటు దగ్గరికి వచ్చాడు. అప్పన్న వంగి నంబరు చూసి, పుస్తకంలో మూడు అని రాసుకుని లోపలికి వదిలాడు. మా హాల్లో నేల మీద కూర్చుని, నా టేకు పలకని వేళ్ళతో అదిమాడు. పదింటికి మొదలుపెట్టాడు. పదిన్నరకి రంపం చప్పుడు విని కామేశ్వరరావుగారు పైకొచ్చారు.

బయటి వడ్రంగి లోపలికి ఎలా వచ్చాడని అడిగారు. ఈయన మీరు నమోదు చేసిన మూడో ఆధారమని సుభాషిణి మంచం మీది నుంచే చెప్పింది. ఆధారం నివాసి అయి ఉండాలని పద్నాలుగింటిలో ఎక్కడుందో చూపించమంది. కాగితం ఆయన చేతికే ఇచ్చింది. ఆయన నిలబడి మొదటి నుంచి చివరి దాకా చదివారు. ఆడిట్ మనిషి, రాసి లేనిదాన్ని ఉందనలేరు. సెల్లార్లోనే కొయ్యాలి కదా అన్నారు. పదకొండింటికి అక్కడ భజన పెట్టింది మీరే కదా అంది. ఆయన కాసేపు బ్రహ్మాజీ కాలినీ, కాలి కింద పలకనీ చూశారు.

"కాలు ఆధారమే అనుకుందాం. మరి రంపం పట్టి కోస్తున్నదెవరమ్మా," అన్నారు.

"అది నా పరిధిలోకి రాదండీ," అంది సుభాషిణి.

కామేశ్వరరావుగారు కాగితం మళ్ళీ తిరగేశారు. ఆ వాక్యం ఆయనదే, దాన్ని కొట్టెయ్యడానికి ఆయనకి ఏ నిబంధనా దొరకలేదు. ఈ విషయం పై సమావేశంలో ప్రస్తావిస్తానని చెప్పి మెట్లు దిగిపోయారు.

మధ్యాహ్నం భోజనాల వేళకి మెట్టు గుమ్మానికి బిగిసింది. పక్కన కర్ర, చేతికి గుచ్చుకోకుండా చిత్రిక పట్టింది. బ్రహ్మాజీ మెట్టెక్కి గెంతి చూపించాడు. తుక్కంతా సంచిలోకి ఎత్తుకుని, తన చోటు తను ఖాళీ చేసి వెళ్ళిపోయాడు.

సుభాషిణి రెండు గ్లాసుల నీళ్ళు తాగింది. కాసేపాగి లేచింది. వాకరు పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి, దాన్ని పక్కకి తోసి, కర్ర పట్టుకుంది. నాలుగంగుళాలు ఎక్కింది. ఆగి ఊపిరి తీసుకుంది. నా చేతులు రెండూ వాటంతటవే ముందుకెళ్ళాయి. ఆవిడ వెనక్కి తిరగలేదు. ఇంకో నాలుగంగుళాలు ఎక్కి, లోపలికెళ్ళి, తలుపు వేసుకుంది.

గడియ పడిన చప్పుడు వినిపించింది. ఇంత చిన్న చప్పుడు నాకు అంత హాయిగా ఎప్పుడూ వినిపించలేదు.

ఇంకా అక్కడే నిలబడి ఉన్నాను. లోపలి నుంచి సుభాషిణి గొంతు వచ్చింది.

"అక్కడే ఉన్నారా. పద్నాలుగో నిబంధన చదువుకోండి."

చదవక్కర్లేదు, నాకు కంఠతా వచ్చు. భుజం మీది స్టిక్కరు పీకి తలుపుకి అంటించి, స్థలం ఖాళీ చేశాను.